నడిచాకే డబ్బు

నాలుగో రోజు కూడా నాన్న తోలు కోసే కత్తి ముట్టుకోలేదు. కిటికీ పక్కన పీట వేసుకుని, మా అందరికీ వీపు పెట్టి, వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ముందుగదిలో అన్నయ్య తన పనిముట్లు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి రేకుపెట్టెలో పడేస్తున్నాడు. పెట్టడం కాదు, పడేయడమే. ప్రతి చప్పుడూ నాకు తగలాలని.

తగులుతూనే ఉంది. పైకి కనపడనివ్వలేదు, అంతే.

కంప్యూటర్ ముందు కూర్చుని, మా ఆన్‌లైన్ షాపుకి డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ రాసిన ఉత్తరం ఆరోసారి చదివాను. ఎన్నిసార్లు చదివినా అందులో ఉన్నది ఒకటే. పద్నాలుగు మంది దగ్గర డబ్బు తీసుకుని, ఒకే మధ్యాహ్నం పదకొండు మందికి తిరిగిచ్చిన దుకాణమంటే వాళ్ళకి అనుమానమట. అందుకని మా ఖాతా ఆపేశారట. దొంగ సరుకు అమ్మేవాళ్ళూ, దొంగ కార్డులు వాడేవాళ్ళూ ఇలాగే చేస్తారట.

ఆ పదకొండు మందికీ డబ్బు తిప్పి పంపించింది ఏ దొంగా కాదు. మా నాన్న.

మా నాన్న బూట్లు కుడతాడు. అందరికీ కాదు. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి ఉన్నవాళ్ళకి. పొట్టి కాలి కింద బెండు అట్టలు ఒకదాని మీద ఒకటి అంటించి, ఎత్తు సరిచేసి, చూసేవాళ్ళకి తేడా తెలియకుండా తోలు తొడుగుతాడు. మొదటి జత నా కోసమే కుట్టాడు. నా ఎడమకాలు రెండువేళ్ళ మందం పొట్టి. ముప్పై రెండేళ్ళుగా నేను ఆయన చేతి బూట్లే తొడుక్కుంటున్నాను.

బూటు కుట్టి ఇచ్చిన రోజున ఆయన ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకోడు. ముందు పది రోజులు నడవమంటాడు. పదకొండో రోజు మా ముందుగదిలో చెక్కపలకల నేల మీద తెల్లరంగుతో గీసిన గీత వెంట నడిపిస్తాడు. తను గీత చివర పీట మీద కళ్ళు మూసుకుని కూర్చుని, ఒక్కో అడుగుకీ మోకాలి మీద వేలితో తాళం వేస్తూ వింటాడు. రెండు అడుగుల చప్పుడూ ఒకలాగే ఉంటే డబ్బు. లేకపోతే బూటు మళ్ళీ బల్లమీదికి.

ఆన్‌లైన్‌లో పెట్టాక కూడా ఆ పద్ధతి మానలేదు. దూరాన ఉన్నవాళ్ళు పది రోజులు నడిచి, ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి పంపేవాళ్ళు. మొదట్లో పదిమందిలో ఎనిమిది మందికి నాన్న సరే అనేవాడు. తర్వాత ఆరుగురికి. ఈ మూడు నెలలుగా ఎవరి నడక వినిపించినా "ఇంకా సమంగా లేదు" అనడమే. ఆన్‌లైన్ మీద కోపం ఇలా తీర్చుకుంటున్నాడని నాకు ఒళ్ళు మండింది. ఆయనకి చెప్పకుండా, బూట్లు పంపకముందే మొత్తం డబ్బు పడేలా వెబ్‌సైట్ మార్చేశాను. అది బయటపడ్డ రోజున నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ అమ్మ చేతికిచ్చి, ఒక్కొక్కరికీ చేయించి, మీ డబ్బు మీరు వెనక్కి తీసుకోండి, బూట్లు ఉంచుకుని నడవండి అని చెప్పించాడు. పదకొండు మంది తీసుకున్నారు. మిగిలిన ముగ్గురూ ఫోన్ ఎత్తలేదు కాబట్టి సరిపోయింది.

"ఇవాళ సాయంత్రం ఐదు" అన్నాడు అన్నయ్య, పెట్టె మూత వేస్తూ.

"తెలుసు."

"తెలిసి ఏం లాభం? పరుపుల ఫ్యాక్టరీ వాళ్ళు నా కోసం కుర్చీ వేసుకుని కూర్చోరు. ఐదింటిలోగా వస్తానని చెప్పకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. డబ్బు లోపలికి రావడానికి గుమ్మమే లేని దుకాణంలో నన్నేం చెయ్యమంటావు?"

ఆ ఫ్యాక్టరీ కాగితం జిగురుడబ్బా కింద మడతపెట్టి ఉంది. అన్నయ్య వెళ్ళిపోతే అట్టలు కోసేవాళ్ళు లేరు. అట్టలు కోసేవాళ్ళు లేకపోతే నాన్న కుట్టడానికేమీ లేదు. ఈ గది అద్దె గదే. ఇంతే కథ. అన్నయ్య మాటలో తప్పు పట్టడానికి లేదు, అదే నా బాధ.

"ఐదింటిదాకా ఆగు అన్నయ్యా. గుమ్మం నేను పెడతాను."

"నాన్నతో మాట్లాడావా?"

"నాలుగు రోజులుగా మాట్లాడుతూనే ఉన్నాను. ఒక్కసారన్నా వెనక్కి తిరిగాడా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది."

వంటింటి గుమ్మంలో అమ్మ చేతిలోని గ్లాసు ఠక్కున బల్లకి తగిలింది. నీళ్ళు ఒలికాయి.

"ఆ మాట ఇంకోసారి నా ముందు అనకు" అంది.

గట్టిగా అనలేదు. అమ్మకి కోపం వస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఇది అలాంటిది కాదు, గొంతు అడుగునుంచి వచ్చింది. మొగుణ్ణి ఒక్క మాట పడనివ్వదు కదా అనుకుని, తప్పేనమ్మా అన్నాను. అమ్మ ఒలికిన నీళ్ళు తుడుస్తూ చాలాసేపు ఆ ఒక్క చోటే తుడిచింది. నాన్న మాత్రం వెనక్కి తిరగలేదు.

వదిన వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుంది. బూట్ల లోపలి మెత్తటి గుడ్డ కుట్టేది వదిన. ఇల్లు అంటుకుంటున్నా ఒక హాస్యం ఆడి గానీ నీళ్ళు అందుకోదు.

"ఏం మేనేజరమ్మా, సంబంధాలెన్ని వచ్చాయి?" అంది.

రాత్రి నేను ప్రింటు తీసిన కాగితాలు తిరగేస్తూ, పెళ్ళికొడుకుల్ని చూసినట్టే చూసింది. పాత కంపెనీవాడు బుద్ధిమంతుడేనట. కమీషన్ తక్కువ, రెండు రోజుల్లో డబ్బు చేతిలో పెడతాడు. కానీ ఇప్పుడు అలిగి కూర్చున్నాడు. అలక తీరాలంటే మన వెబ్‌సైట్‌లో పెద్దక్షరాలతో, ఒకసారి తీసుకున్న డబ్బు ఏ కారణం చేతా తిరిగి ఇవ్వం అని రాయాలి. పొద్దున్న నేను ఫోన్ చేస్తే ఆ కంపెనీ అమ్మాయి చాలా మర్యాదగా, నేను ఎలా అడిగినా, అదే వాక్యం నాలుగుసార్లు చెప్పింది. ఐదోసారి ఆ వాక్యం నేనే ఆమెకి అప్పజెప్పి ఫోన్ పెట్టేశాను.

రెండోది అన్నయ్య తెచ్చిన సంబంధం. పార్సిల్ తెచ్చే మనిషే గుమ్మంలో డబ్బు తీసుకోవడం.

"ఇందులో ఏ గొడవా లేదు కదా" అన్నాడు అన్నయ్య, పెట్టె మీద కూర్చుని.

పెట్టెలోంచి బూటు కూడా తీయకుండా డబ్బు ఎవరిస్తారు, ఎందుకివ్వాలి అన్నాను. పైగా తీరా పార్సిల్ మనిషి ఇంటికి తీసుకెళ్ళాక, ఇప్పుడు చేతిలో డబ్బులు లేవు, తర్వాత చూద్దాం అనేవాళ్ళుంటారు. పార్సిల్ మన మొహాన వచ్చి పడుతుంది. మామూలు బూటైతే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఒకరి కాలికి కొలిచి కుట్టినది లోకంలో ఇంకో కాలికి పనికిరాదు. అన్నయ్యకి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. అందుకే తల గోక్కున్నాడు.

మూడోవాడు డబ్బు తీసుకోకుండా కొనేవాళ్ళ కార్డులోనే ఆపి ఉంచుతాడు. నేను మొదట చంకలు గుద్దుకున్నది వీణ్ణి చూసే. తీరా చివరి పేజీలో చూస్తే ఏడు రోజులే గడువు. పార్సిల్ చేరడానికే నాలుగు రోజులు పడుతుంది. మూడు రోజుల నడకలో బూటు సంగతి బూటుకే తెలియదు.

"ఏడు రోజులకే లేచిపోయేవాడు మనకెందుకు?" అని వదిన ఆ కాగితం కింద పెట్టేసింది. "మరి ఈ నాలుగోవాడో?"

నాలుగోది చిన్న కంపెనీ. కమీషన్ దాదాపు రెట్టింపు. కానీ కొనేవాళ్ళ దగ్గర ముందుగా అనుమతి తీసుకుని, ముప్పై రోజుల్లోపల మనం బటన్ నొక్కిన రోజునే డబ్బు లాగుతారు. ఆ రోజు కార్డులో డబ్బు లేకపోతే నష్టం మనదే. మా సంగతంతా రాసి పంపితే, మీ పద్ధతి మాకు అర్థం కాలేదు, వీలైతే ఆఫీసుకి రండి అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

"వీలైతే ఏంటి" అని లేచాను.

వెళ్ళేముందు వదినకి ఒక పని అప్పగించాను. ఆ పదకొండు మందికీ ఫోన్ చేసి, ఇంకోసారి కార్డు వివరాలు ఇస్తారా, ఈసారి నడక విన్నాకే తీసుకుంటాం అని అడగమన్నాను. వదిన ఫోన్ అందుకుని, తిట్లు పడితే నీ ఖాతాలో వేస్తాను అంది.

*

ఆ ఆఫీసు కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండో అంతస్తులో ఉంది. ఇరుకు మెట్లు. మెట్లెక్కేటప్పుడే బూటు విలువ తెలుస్తుంది. నేను ఒక్కసారి కూడా గోడ పట్టుకోకుండా ఎక్కాను.

మూడు బల్లలు, గోడవారన నీళ్ళ క్యాను, దాని మీద బోర్లించిన ఒకే ఒక్క గ్లాసు. చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకున్న పెద్దమనిషి నన్ను కూర్చోమన్నాడు. మా ఉత్తరం ప్రింటు ఆయన ముందే ఉంది. దానిమీద ఎర్రసిరాతో రెండు ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాడు.

పదకొండేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నానమ్మా అన్నాడు. వచ్చే ప్రతివాడూ డబ్బు రేపు వస్తుందా, ఇవాళే రాదా అని అడుగుతాడట. రెండు వారాలు ఆగి తీసుకునే దారి చూపించండి అని అడిగిన మనిషిని చూడటం ఇదే మొదటిసారట. సరుకు ముందే వెళ్ళిపోతుంది, డబ్బు తర్వాత వస్తుంది, ఇది వ్యాపారమా, దానధర్మమా అన్నాడు.

ఎలా చెప్తే అర్థమవుతుందో నాకు తెలియలేదు. వంగి ఎడమకాలి బూటు విప్పాను. అడుగుభాగం చేతిరుమాలుతో శుభ్రంగా తుడిచి, ఆ రుమాలే పరిచి, బల్లమీద పెట్టాను. పరాయివాళ్ళ బల్లమీద బూటు పెట్టకూడదని నాకూ తెలుసు. ఏమనుకోకండి అన్నాను.

ఆయన ఏమీ అనుకోలేదు. బూటు చేతిలోకి తీసుకుని, బరువు చూసి, అటూ ఇటూ తిప్పాడు. ఎత్తు ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టలేకపోయాడు. వేలితో చూపించాను.

"ఇది ఒక గోరంత ఎక్కువైతే నడుం నొప్పి" అన్నాను. "గోరంత తక్కువైతే మోకాలు. ఇంట్లో నాలుగడుగులు వేస్తే తెలియదండీ. పది రోజులు నడవాలి. నడవకుండానే డబ్బు తీసుకుంటే మా నాన్న కత్తి పట్టుకోడు. కత్తి పట్టుకోకపోతే మాకు దుకాణం లేదు. మీరు దారి చూపిస్తే ఉంటుంది."

ఆయన బూటు జాగ్రత్తగా రుమాలు మీద పెట్టి, జేబులోంచి మధ్య పెన్ను తీశాడు.

"సమంగా ఉందో లేదో ఎవరు తేలుస్తారు?"

"మా నాన్న. నడక చప్పుడు విని."

"ఇంకెవరూ తేల్చలేరా?"

"మా వీధిమలుపులో ఎవరు తిరిగారో చూడకుండా చెప్పే మనిషండీ ఆయన. ఇంకొకరితో పనేముంది?" అన్నాను. నాన్న మీద నాలుగు రోజుల కోపం ఉన్నా ఆ మాట అంటున్నప్పుడు నాకు గర్వంగానే ఉంది.

మనిషి చెవిని నమ్ముకుని ఖాతా తెరవడం నా సర్వీసులో లేదమ్మా అని నవ్వుతూనే షరతు రాశాడు. కొన్నవారు పది రోజులు నడిచి పంపిన చప్పుడు విని, కుట్టిన పెద్దాయన సరేనన్నాకే డబ్బు తీసుకోవాలి. ఆ పెద్దాయన సంతకం ఉండాలి. ముప్పై రోజుల్లో ఏ సంగతీ తేల్చకపోతే ఆ అనుమతి రద్దు. ఒక నెలలో అలా మూడుకి మించి రద్దయితే మా ఖాతా మూసేస్తారు. సంతకం పెట్టించి ఫొటో పంపితే ఇవాళే తెరుస్తారు. తెరిచాక మా డబ్బే కొంచెం పెట్టి ఒకసారి పరీక్షించుకోవాలి.

"ఈ చివరి షరతు బాగా చదువుకోండి" అన్నాడు, మూడు అనే అంకె చుట్టూ సున్నా చుడుతూ. "నేను మా పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి."

చదివాను. మూడు కాదు కదా, ఒకటి కూడా అవదు అన్నాను. బూటు తొడుక్కుని మెట్లు దిగాను.

*

ఇంటికొచ్చేసరికి మూడున్నర. వదిన మొహం వెలిగిపోతోంది. పదకొండు మందీ ఒప్పుకున్నారట. అందరికీ పది రోజులు నిండిపోయాయి, కొందరు అడగకముందే, మిగిలినవాళ్ళు అడిగాక నడక రికార్డు చేసి పంపేశారట. అందులో ఒక లెక్కల మాస్టారు, బూట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, మెట్లు కూడా ఎక్కుతున్నాను, డబ్బు తీసుకోండి మొర్రో అంటుంటే తీసుకోరేం, మీకేమైనా పట్టిందా అని కేకలేశాడట. అది కూడా నా ఖాతాలోనే వేశానని చెప్పింది.

ఇక మిగిలింది నాన్న.

నాలుగు రోజులుగా ఆయన వీపుతోనే మాట్లాడాను. ఈసారి కిటికీకి అడ్డంగా, ఆయన మోకాళ్ళకి నా మోకాళ్ళు తగిలేంత దగ్గరగా పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. నాన్న నా మొహంలోకి చూశాడు. ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి.

"నీకు చెప్పకుండా ముందే డబ్బు తీసుకోవడం నా తప్పే నాన్నా" అన్నాను.

"తప్పే" అన్నాడు. "నడవని బూటుకి డబ్బేంటమ్మా? కాలి బాధ తెలియనివాళ్ళు చేస్తే సరే. నువ్వు చెయ్యడమేంటి?"

 కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి జారేలోగా కాగితం తీశాను. ఒక్కో షరతూ నిదానంగా చెప్పాను. ఆయన నా పెదవులకేసే చూస్తూ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాకుండా విన్నాడు. ఇంత శ్రద్ధగా వింటాడనుకోలేదు. ఈ పని మొదటిరోజే చేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"నువ్వు సరే అంటేనే డబ్బు కదులుతుంది. నువ్వు వద్దంటే వద్దు. నడిచాకే."

"నేనే వినాలా?" అన్నాడు నాన్న.

"ఇంకెవరు వింటారు?"

ఆయన నా భుజం మీదుగా అమ్మకేసి చూశాడు. నేనూ వెనక్కి తిరిగాను. అమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. అటు గోడగడియారం, ఇటు మూత వేసిన అన్నయ్య పెట్టె. అమ్మ రెండూ చూసింది.

"వింటారులే" అంది. ఆ మాట నాతోనో ఆయనతోనో నాకు తెలియలేదు. అని, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాన్న కాగితం ఇంకోసారి తనే చదువుకున్నాడు. మూడు చుట్టూ గీసిన సున్నా మీద కాసేపు బొటనవేలు ఆనించి ఉంచాడు. తర్వాత బూట్లు బిగించే కొయ్య అచ్చుల మీద సైజు రాసే పెన్సిల్ అందుకోబోతే పెన్ను ఇచ్చాను. సంతకం పెట్టాడు.

ఫొటో తీసి మూడు పెన్నులాయనకి పంపాను. నాలుగు నలభైకి ఖాతా తెరుచుకుంది.

అన్నయ్య ఆ స్క్రీను దగ్గరికి వంగి చూశాడు. తన కళ్ళతో తనే చదివితే గానీ నమ్మడు. తర్వాత ఫోన్ తీసి పరుపుల ఫ్యాక్టరీకి చేశాడు. ఏమండీ, రాలేనండీ, లేదండీ, జీతం సంగతి కాదు, మా నాన్న దగ్గరే చేసుకుంటానండీ అన్నాడు. అవతలివాళ్ళు ఇంకా ఏదో అంటుంటే నమస్కారం చెప్పి ఫోన్ పెట్టేశాడు. జిగురుడబ్బా కిందినుంచి ఆ కాగితం లాగి, నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కతో కుంచె తుడిచాడు.

"పరుపుల మీద పడుకునే యోగం మనకి లేదులే" అని వదిన నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అన్నయ్య రేకుపెట్టె మూత తీసి, పనిముట్లు ఒక్కొక్కటే బల్లమీద సర్దాడు. ఈసారి పెట్టాడు.

నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఇల్లు నిలబడింది, నేనే నిలబెట్టాను అనుకున్నాను. అబద్ధమెందుకు, ఆ క్షణాన కొంచెం పొగరు కూడా తలకెక్కింది.

*

పరీక్ష ఒకటి మిగిలింది. మా షాపులో నేనే కొనుక్కునేదాన్నయ్యాను. ఈ నెలే నా బూటుకి నాన్న కొత్త అట్ట వేశాడు, దానికే ఆర్డరు పెట్టి, నా కార్డు వివరాలిచ్చాను. అనుమతి అందగానే ఫోన్ అదురుతుంది. ఆ తర్వాత నాన్న సరేనంటే నేను నొక్కాలి.

"ఊరికే నొక్కితే ఎలా? పద్ధతి పద్ధతే. నడువు" అంది వదిన.

నాన్న లేచి వచ్చాడు. గీత చివర తన పాత పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, కుడిచేతి చూపుడువేలు మోకాలి మీద పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత ఆయన్ని ఆ పీట మీద చూడటం. అన్నయ్య అట్ట కోయడం ఆపాడు. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఫోన్ చేతిలో పట్టుకుని నడిచాను. ఒకటి, రెండు, మూడు. చెక్కపలకల మీద నా అడుగులు నాకే బాగా వినిపిస్తున్నాయి. నాన్న వేలు నా అడుగుతోపాటే లేచి పడుతోంది. చిన్నప్పుడు ఈ గీత మీద ఎన్నిసార్లు నడిచానో. బాగా నడిచిన రోజున ఆ వేలితోనే నా ముక్కు మీద తట్టేవాడు.

ఏడో అడుగులో ఫోన్ అదిరింది. అనుమతి వచ్చింది. చదవడానికి ఆగాను.

చదివి తలెత్తాను.

నేను ఆగాను. నాన్న వేలు ఆగలేదు.

లేస్తోంది, పడుతోంది. ఎనిమిది. తొమ్మిది. నా నడక ఎంత వేగమో సరిగ్గా అంత వేగంతో, కాస్త తల ఊపుతూ, కళ్ళు మూసుకుని, లేని అడుగుల్ని నాన్న వింటున్నాడు.

 వీధికేసి తిరిగిన ఆ వీపు. ఫోన్ తను తీసుకోకుండా అమ్మ చేతికివ్వడం. నా పెదవుల మీదే ఉన్న చూపు. మూడు నెలలుగా అందరికీ "సమంగా లేదు" అనడం. అది కోపం కాదు. వినపడనిదానికి డబ్బు తీసుకోలేక వద్దన్నాడు. ఆయన వీపు వెనక కూర్చుని నేనన్న శంఖం మాట గుర్తొచ్చి, భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

అమ్మకేసి చూశాను. అమ్మ తల దించుకుంది. అమ్మకి తెలుసు.

అన్నయ్య చూపు ఫోన్ మీద ఉంది. వదిన చూపు అన్నయ్య మీద ఉంది. వాళ్ళు చూడలేదు. నాన్న వేలు పదకొండు దగ్గర ఉంది. గీత పన్నెండు అడుగులు.

ఆ పదకొండుకీ పన్నెండుకీ మధ్య ఏం ఆలోచించానో నాకు తెలియదు. ఆయన కళ్ళు తెరిచేసరికి నేను సగం దారిలో నిలబడి ఉండకూడదు, అంతే. పరుగులాంటి నడకతో గీత చివరికి చేరాను. నాన్న కళ్ళు తెరిచాడు. ఎదురుగా నన్ను చూసి, నాలుగు రోజుల తర్వాత నవ్వాడు. చెయ్యి చాచి, చూపుడువేలితో నా ముక్కు మీద తట్టాడు.

"సమంగా ఉంది" అన్నాడు. "నొక్కమ్మా."

నొక్కాను. డబ్బు నాది కాబట్టి నొక్కాను.

అన్నయ్య చప్పట్లు కొట్టాడు. వదిన అప్పుడే రేపటి పని మొదలుపెట్టేసింది. ఎవరిది ముందు, ఎవరిది వెనక అని పదకొండు నడకలూ వరసగా పేర్చి, మొదటిది లెక్కల మాస్టారుదని గట్టిగా చదివింది. పొద్దున్నే మామయ్యగారికి వినిపించమని ఫోన్ నా చేతికిచ్చింది.